శంషాబాద్‌లో సముద్రం: తలకిందులుగా వినిపించే సలహాలు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెడతానంటే చాలు, సలహాలకు కొదవ ఉండదు. దుకాణం ఆయన ఒకటి చెప్తాడు, బావమరిది ఒకటి చెప్తాడు, పక్క ఫ్లాట్‌లో గోల్డ్‌ఫిష్ పెంచినాయన ఇంకొకటి చెప్తాడు. వాటిలో సగం మంచినీటి చేపలకు సరిపోయేవి, మిగతా సగం సముద్రం పక్కనున్న ఊళ్ళకు సరిపోయేవి. మనం ఉన్నది శంషాబాద్‌లో. సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, ఏ వైపు తీరానికైనా రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో, గ్రానైటు నేల మీద. సముద్రం ఖర్చు లేకుండా చేసుకునే పనులన్నీ ఇక్కడ మన చేత్తో, మన కరెంటు బిల్లుతో జరగాలి. అందుకే నేను చెప్పబోయేవి తప్పుడు సలహాల్లా వినిపిస్తాయి. చేపలు కొనొద్దంటాను, రొయ్యను కుళ్ళబెట్టమంటాను, దూరం నుంచి వచ్చిన చేప దగ్గర తొందరపడమంటాను. ప్రతి మాటా మనస్ఫూర్తిగానే అంటున్నాను.

మొదటిసారే పెద్ద ట్యాంకు కొనండి

"ముందు చిన్నది పెట్టి నేర్చుకో, తర్వాత పెద్దది చూద్దాం" అనేది అందరూ చెప్పే మాట. ఉప్పునీటి విషయంలో చిన్న ట్యాంకే కష్టం. ముప్ఫై లీటర్ల నీళ్ళలో చిటికెడు మేత ఎక్కువైనా, మధ్యాహ్నం ఏసీ ఆగిపోయినా గంటల్లో నీటి గుణం మారిపోతుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకు అంటే తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. అందులో అదే పొరపాటు జరిగితే గమనించి సరిచేసుకోవడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. కొత్తవాళ్ళకు కావలసింది ఆ వ్యవధే.

బరువు సంగతి కూడా ముందే చూసుకోవాలి. నీళ్ళే 260 కిలోలు. గాజు, రాళ్ళు, స్టాండు, కింద సంప్ (వడపోత తొట్టి) కలిస్తే నాలుగు వందలు దాటుతుంది. అపార్ట్‌మెంట్ అయితే స్లాబు మధ్యలో కాకుండా, కింద బీమున్న గోడ వెంట పొడవుగా పెట్టాలి.

ఇక్కడే వాస్తు మాట వస్తుంది. నీళ్ళున్న వస్తువు ఈశాన్యంలో ఉండాలని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టుబడతారు. చాలా ఇళ్ళలో ఈశాన్యం గదికి తూర్పు కిటికీ ఉంటుంది. పొద్దున ఏడింటి నుంచి పది దాకా ఎండ నేరుగా గాజు మీద పడి నీళ్ళు వేడెక్కుతాయి, నాచు పెరుగుతుంది. పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఈశాన్యంలో ఇత్తడి ఉరుళిలో నీళ్ళు పోసి పూలు వేయండి, ఆ సంప్రదాయం నిలుస్తుంది. ట్యాంకును మాత్రం ఎండ పడని లోపలి గోడకు పెట్టండి. టీవీ, ఇన్వర్టర్ దానికి దూరంగా ఉండాలి. బుడగలు చిట్లినప్పుడల్లా ఉప్పు తుంపర లేస్తుంది. అది ఇనుమును, సర్క్యూట్లను నెమ్మదిగా తినేస్తుంది.

బీచికి క్యాన్లు పట్టుకెళ్ళకండి

సూర్యలంకకో విశాఖకో వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. "రెండు క్యాన్ల సముద్రపు నీళ్ళు తెచ్చిపెట్టనా? అసలైన నీళ్ళు కదా" అంటారు ప్రేమగా. వద్దనండి. ప్రపంచ సముద్రాల సగటు ఉప్పదనం కిలో నీటికి 35 గ్రాములు. బంగాళాఖాతంలో కృష్ణా గోదావరులు, ఉత్తరాన మహానది, గంగ, బ్రహ్మపుత్ర వచ్చి కలుస్తాయి. వానాకాలం తర్వాత తీరం దగ్గర పైపొర నీళ్ళు అంతకంటే బాగా పలచబడతాయి. ఒండ్రు, ఊళ్ళ మురుగు కూడా ఆ పైపొరలోనే ఉంటాయి. వీటికి తోడు ఆ నీళ్ళలో కంటికి కనపడని జీవులు కోట్లలో ఉంటాయి. మూత బిగించిన క్యాన్‌లో, కారు డిక్కీలో, గంటల తరబడి ప్రయాణంలో అవి చచ్చి కుళ్ళడం మొదలవుతుంది. ఒడ్డున అసలైన నీళ్ళే కావచ్చు, శంషాబాద్ చేరేసరికి అవి వేరే నీళ్ళు.

ఇంటి ఉప్పు, ఇంటి ఆర్వో రెండూ వద్దు

"ఉప్పునీళ్ళే కదా, రాళ్ళుప్పు కలిపితే పోలా?" అనేవాళ్ళకు నౌపడ, చినగంజాం ఉప్పుమళ్ళలో ఏం జరుగుతుందో చెప్పాలి. సముద్రపు నీళ్ళు మడిలో ఎండుతుంటే ముందుగా సున్నం, జిప్సం అడుగున పేరుకుంటాయి. అంటే కాల్షియంలో చాలాభాగం అక్కడే పోతుంది. ఆ తర్వాత సోడియం క్లోరైడు గడ్డకడుతుంది. మనం వంటకు వాడేది అదే. మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదునీటిలో ఉండిపోతాయి, ఆ చేదునీటిని బయటికి వదిలేస్తారు. మంచి ఉప్పు తయారుచేయడమంటేనే సముద్రంలోని మిగతావన్నీ తీసేయడం. తీసేసిన వాటిలోనే రొయ్య పెంకుకు, నత్త గవ్వకు, చేప ఒంట్లోని నీటి తూకానికి కావలసినవి ఉన్నాయి. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమమే కొనండి. పాతిక లీటర్లకు దాదాపు కిలో పడుతుంది. నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. ఒక్కసారిగా చిక్కబడితే కాల్షియం తెల్లటి పొడిలా విడిపోతుంది. చిన్న పంపు వేసి ఒక రాత్రంతా తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. వానాకాలంలో ఆ ఉప్పు సంచి గాలిలోని తడిని పీల్చి గడ్డకడుతుంది కాబట్టి బిగుతు మూతున్న డబ్బాలో పెట్టుకోండి.

నీళ్ళ విషయంలో జనానికి తెలియనిది ఇంకోటి ఉంది. ఇంట్లో తాగే నీళ్ళకు ఆర్వో ఉంది కదా, అదే పట్టి పోస్తే సరిపోతుందనుకుంటారు. మన ఇళ్ళలో బిగించే చాలా ఆర్వోల్లో టీడీఎస్ కంట్రోలరని ఒక చిన్న మర ఉంటుంది. నీళ్ళు చప్పగా ఉండకూడదని, వడకట్టిన నీళ్ళలో వడకట్టని నీళ్ళు కొంత తిరిగి కలుపుతుంది. కొన్నింట్లో ఖనిజాలు కలిపే గొట్టం అదనం. మనిషి తాగడానికి అవి మంచివే. ట్యాంకుకు మాత్రం మన బోరు నీళ్ళలోని గుణాలన్నీ వెనకదారిన వచ్చి చేరతాయి. శంషాబాద్ చుట్టుపక్కల బోర్లు గ్రానైటు పగుళ్ళలోంచి నీళ్ళు తోడతాయి. ఆ నీళ్ళు గట్టివి, సిలికా కరిగి ఉంటుంది, చాలా చోట్ల నైట్రేటూ ఉంటుంది. నల్లా నీళ్ళయితే క్లోరిన్. ట్యాంకరు నీళ్ళయితే ఇవాళ ఒక బోరువి, రేపు ఇంకో బోరువి.

కాబట్టి అక్వేరియానికి విడిగా ఒక ఆర్వో, దాని చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం బిగించుకోండి. బయటికి వచ్చే నీళ్ళలో, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. రెండో మూడో చూపిస్తే రెజిన్ మార్చే రోజు వచ్చినట్టే. వృథా నీళ్ళు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికో బాత్రూమ్‌కో వాడుకోండి. ఈ ఒక్క పరికరానికి పెట్టే డబ్బు దగ్గర పొదుపు చేసినవాళ్ళు తర్వాత నాచు మందులకు, చచ్చిన చేపల స్థానంలో కొత్త చేపలకు అంతకు మించి ఖర్చుపెడతారు.

రొయ్యను కుళ్ళబెట్టండి

నీళ్ళు, ఇసుక, రాళ్ళు, పంపులు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ అన్నీ పెట్టారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇప్పుడు చేప కొనకుండా, మార్కెట్ నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి లోపల పడేయండి. అది కుళ్ళాలి. కుళ్ళితే అమ్మోనియా వస్తుంది. అమ్మోనియాను తినే బాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో పెరిగి దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్‌ను తినే రెండో రకం బాక్టీరియా ఆ తర్వాత పెరిగి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది కొంతవరకు ఫరవాలేదు, నీళ్ళు మార్చితే తగ్గుతుంది. ఈ బాక్టీరియా మెల్లగా పెరిగే జాతి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించే దాకా ఆగాలి.

ఈ నెల రోజులూ ఇంటికొచ్చినవాళ్ళు "ఖాళీ డబ్బాకు కరెంటు దండగ" అంటారు. పిల్లలు అలుగుతారు. దుకాణంలో "రెండు డాంసెల్ చేపలు వేయండి, గట్టివి, వాటితోనే ట్యాంకు తయారవుతుంది" అంటారు. వినకండి. గట్టి చేప అంటే విషంలో ఎక్కువసేపు బాధపడగల చేప అని అర్థం. అది బతికినా ట్యాంకంతా తనదే అనుకుని తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరుముతుంది.

బాక్టీరియా సిద్ధమయ్యాక గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది. కొత్తవాళ్ళు భయపడేది ఇక్కడే. అవి డయాటమ్‌లు. నీళ్ళలో మిగిలిన సిలికా తిని పెరుగుతాయి, అది అయిపోగానే తగ్గిపోతాయి. ముందు గాజు తుడుచుకోండి చాలు. రాళ్ళు తీసి కడగకండి, మందు వేయకండి. మీరు నెల రోజులు పెంచిన బాక్టీరియా ఆ రాళ్ళ మీదే ఉంది.

బతికున్న రాయి అడగకండి, పగడం కొనకండి

విదేశాల పుస్తకాలన్నీ సముద్రం నుంచి తీసిన 'లైవ్ రాక్' వేయమంటాయి. గట్టి పగడాలు పెంచమంటాయి. మన దేశంలో ఆ సలహా మనిషిని జైలుకు పంపగలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో గట్టి పగడాలు, నల్ల పగడాలు, గోర్గోనియన్లు, నిప్పు పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచి ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ చాలాసార్లు చచ్చిన పగడమే. "బిల్లు ఇస్తాం సార్, ఏం కాదు" అన్నా కొనకండి.

చట్టం భయంతోనే చెప్పట్లేదు. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, సిమెంటు కోసం దశాబ్దాల పాటు పగడపు దిబ్బలను తవ్వారు. అక్కడి దీవులు కొన్ని కోతకు గురై కుంచించుకుపోయాయి. ఒక్కో ముక్క పెరగడానికి ఏళ్ళు పట్టిన జీవిని హాల్లో అలంకారానికి పెట్టుకునే హక్కు మనకు లేదు. పింగాణీతో, సిమెంటుతో చేసిన రాళ్ళు దొరుకుతాయి. వాటి రంధ్రాల్లో బాక్టీరియా అంతే బాగా పెరుగుతుంది, ఆరు నెలలకు ఊదారంగు సున్నపు నాచు పట్టి అవీ సముద్రపు రాళ్ళలాగే కనిపిస్తాయి. పగడం లాంటి కదలిక చూడాలనుంటే చట్టం పరిధిలో లేని మెత్తని జాతులు కొన్ని ఉన్నాయి, ఏడాది గడిచాక ఆలోచించండి. వాటిలో జోయాంథిడ్‌లు అనేవి ఉంటే ఆ రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ వేడినీళ్ళలో ఉడికించకండి. కొన్నింటిలో ఉండే పాలిటాక్సిన్ ఆవిరితో పాటు లేచి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. చేతికి గాయముంటే గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

విమానం దిగిన చేప దగ్గర తొందరపడండి

శంషాబాద్‌లో ఉన్నందుకు మనకున్న ఒకే ఒక్క సౌలభ్యం విమానాశ్రయం. 2008 మార్చిలో ఇది తెరుచుకునే దాకా హైదరాబాద్‌కు గాలిలో వచ్చేదంతా బేగంపేటలో దిగేది. ఇప్పుడు దూరపు ఊరి నుంచి ఎగిరిన చేప మన ఇంటికి అరగంట దూరంలో కార్గో టెర్మినల్‌లో దిగుతుంది. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళు ఇది సరిగ్గా వాడుకోవాలి.

సాధారణ సలహా ఏమిటంటే, చేప రాగానే కవరు తెరిచి, సన్నని గొట్టంతో ట్యాంకు నీళ్ళను చుక్క చుక్కగా వదులుతూ రెండు గంటలు అలవాటు చేయాలని. పక్క వీధి దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపకు అది సరే. పది పదిహేను గంటలు కవర్లో ఉన్న చేపకు అదే ప్రాణం మీదికి తెస్తుంది. మూసిన కవర్లో చేప వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి పీహెచ్ పడిపోతుంది. అదే సమయంలో చేప విసర్జించిన అమ్మోనియా పేరుకుంటూ ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అందులో ఎక్కువభాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, పెద్దగా హాని చేయదు. మీరు కవరు తెరిచిన నిమిషం నుంచి ఆ వాయువు గాలిలోకి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియం విష రూపానికి మారుతుంది. మీరు ప్రేమగా చుక్కలు వదులుతున్న రెండు గంటలూ చేప మొప్పలు ఆ విషంలోనే ఉంటాయి.

కాబట్టి పని ముందురోజే మొదలవ్వాలి. అమ్మేవాళ్ళను వాళ్ళ నీటి ఉప్పదనం ఎంతో అడగండి. కొందరు సాంద్రత 1.020 దగ్గర పెడతారు. మీ ప్రత్యేక ట్యాంకులో, అంటే కొత్త చేపను విడిగా ఉంచే చిన్న ట్యాంకులో, ముందుగానే అదే అంకె పెట్టుకోండి. డబ్బా తీసుకోవడానికి వెళ్ళేటప్పుడు కారు నీడలో ఆపండి. థర్మాకోల్ డబ్బాను డిక్కీలో కాకుండా ఏసీ తగిలే వెనక సీటు కింద పెట్టండి. ఇంటికొచ్చి గదిలో లైట్లు తగ్గించి, మూసిన కవర్నే పది ఇరవై నిమిషాలు నీళ్ళ మీద తేలించండి. వేడి సమానమయ్యాక కవరు కత్తిరించి, ఉప్పదనం సరిచూసి, చేపను చేతి డబ్బాతో ఎత్తి లోపల వదలండి. కవరు నీళ్ళు ఒక్క చుక్క కూడా ట్యాంకులో పడకూడదు. ఆ తర్వాత రోజుకు కొంచెం చొప్పున ఉప్పదనం పెంచుకోవచ్చు. రొయ్యలు, నత్తలు ఉప్పదనంలో తేడాను అసలు తట్టుకోవు. వాటికి కవరు నీళ్ళ అంకె, ట్యాంకు అంకె ముందే సమానంగా ఉండి తీరాలి.

ఆ చిన్న ట్యాంకులో నాలుగు వారాలు. "మచ్చలేం లేవు, బాగానే తింటోంది, ఇంకెందుకు ఆగడం" అనిపిస్తుంది. క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో చుక్కలు రాలిపోతాయి. తగ్గిందనుకుంటారు. అది ఇసుకలోకి దిగి, గూడు కట్టుకుని, వందల్లో పిల్లల్ని వదిలి మళ్ళీ పైకి వస్తుంది. పెద్ద ట్యాంకులోకి ఒకసారి చేరిందంటే చేపలన్నింటినీ బయటికి తీసి, రెండు నెలలకు పైగా ట్యాంకును చేపల్లేకుండా ఉంచాలి. రాగి మందు పని చేస్తుంది, కానీ రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది, అందుకే ఆ వైద్యమేదైనా చిన్న ట్యాంకులోనే జరగాలి.

నీమోలు రెండు, డోరీ వద్దు

2003లో 'ఫైండింగ్ నీమో' వచ్చినప్పటి నుంచి ప్రతి పిల్లా పిల్లాడూ ఈ రెండు చేపలే అడుగుతారు. నీమో, అంటే క్లౌన్‌ఫిష్, 255 లీటర్లలో సుఖంగా బతుకుతుంది. నీళ్ళు బాగుంటే పదేళ్ళకు పైగా ఉంటుంది. సీ అనిమోన్ లేకపోయినా ఫరవాలేదు. రెండు చిన్నవి కలిపి కొనండి. అన్నీ మగవిగానే పెరుగుతాయి. జంటలో పెద్దదై పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. కొన్నాళ్ళకు అవే జత కడతాయి. ఇంట్లో పిల్లలకు దీనికంటే మంచి జీవశాస్త్ర పాఠం నాకు తెలియదు.

డోరీ, అంటే బ్లూ టాంగ్, చిన్నప్పుడు అరచేతిలో పడుతుంది, పెరిగితే అడుగు దాకా వస్తుంది. రోజంతా ఈదే చేప. నాలుగడుగుల గాజులో దానికి ఊపిరాడదు. పైగా దాన్ని మనిషి పెంపకంలో పిల్లల దాకా తేగలిగింది 2016లోనే, ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల మీద చేపల్ని మత్తెక్కించి పట్టడానికి సయనైడ్ చల్లే అలవాటు దశాబ్దాలుగా ఉంది. పైకి బాగున్న చేప నెల తిరక్కుండా చచ్చిపోవడానికి అదొక కారణం. క్లౌన్‌ఫిష్ విషయంలో మనకు మంచి దారి ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దాన్ని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేసింది. హేచరీలో పుట్టిన చేప మేత తినడం నేర్చుకునే వస్తుంది. "ఇది హేచరీదా, సముద్రందా" అని అడగడం మన బాధ్యత, సరైన జవాబు రాకపోతే కొనకపోవడం కూడా. 2017 మేలో కేంద్ర పర్యావరణ శాఖ క్లౌన్‌ఫిష్ సహా 158 రకాల చేపల అమ్మకాన్ని, ప్రదర్శనను నిషేధిస్తూ నియమాలు తెచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. నియమం పోయినా దాని వెనకున్న ప్రశ్న పోలేదు.

మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఇటు వస్తుంటే చేప ఆకారంలో ఉన్న భవనం కనిపిస్తుంది. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం అది. దేశంలో చేపల పెంపకానికి డబ్బూ దారీ చూపే సంస్థ మన రోడ్డు పక్కనే ఉంది. ఇక్కడి యువకులు ఒకరిద్దరు క్లౌన్‌ఫిష్ పిల్లల్ని పెంచే పనికి పూనుకుంటే సముద్రం నుంచి పట్టే చేపల అవసరం ఈ నగరానికి చాలా తగ్గుతుందని నా నమ్మకం.

మాండరిన్ చేప రంగులు చూసి మోసపోకండి. అది చిన్న క్రిమిలాంటి జీవుల్ని మాత్రమే ఏరుకుని తింటుంది, కొత్త ట్యాంకులో ఆకలితో కృశించిపోతుంది.

చిల్లర్ కంటే ముందు ఫ్యాను

నీళ్ళు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో ఇక్కడ బయట 40 దాటుతుంది. అందరూ చిల్లర్ కొనమంటారు. కొనే ముందు ఒక చిన్న ఫ్యాను నీళ్ళ పైన గాలి తగిలేలా బిగించి చూడండి. మన ఎండాకాలపు గాలి పొడిది. కుండలో నీళ్ళు చల్లబడేది ఎందుకో, ఇక్కడా అందుకే చల్లబడతాయి. ఒక లీటరు ఆవిరైతే అది తీసుకుపోయే వేడి 255 లీటర్ల ట్యాంకును రెండు డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. విశాఖలో గాలి తడిది కాబట్టి అక్కడ ఫ్యాను ఇంతగా పని చేయదు. అక్కడివాళ్ళ సలహా అక్కడికే. ఫ్యానుతో చాలని ఇళ్ళలో చిల్లర్ పెట్టాల్సిందే, కానీ దాన్ని అల్మరాలో దాచకండి. అది నీళ్ళ వేడిని గదిలోకి ఊదే యంత్రం. గాలి ఆడే చోట ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో శంషాబాద్ బయలు ప్రాంతాల చలికి హీటరూ అవసరమే.

ఆవిరైపోయేది నీరు, ఉప్పు కాదు. తగ్గిన చోట ఆర్వో మంచినీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పదనం పెరుగుతూనే పోతుంది. ఫ్యాను తిరిగే ఎండాకాలంలో రోజుకు మూడు లీటర్లు పోయిందనుకుందాం. వారం రోజులు ఎవరూ పోయకపోతే 35 కాస్తా 38 దాటుతుంది.

కరెంటు పోయినప్పుడు లైటు, స్కిమ్మర్, చిల్లర్ ఏదీ అవసరం లేదు. నీళ్ళు కదలడం ఒక్కటే కావాలి. వేడి నీటిలో, ఉప్పు నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. రెండూ ఉన్న ట్యాంకులో పైపొర నిలిచిపోతే ఊపిరాడదు. నీళ్ళను కదిలించే వేవ్‌మేకర్ ఒక్కటీ ఇన్వర్టర్‌కు కలపండి. అది సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి, పాత చదరపు తరంగం రకం మీద పంపులు గుర్రుమని వేడెక్కుతాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి స్టాండు కింద ఎప్పుడూ ఉండాలి.

దిష్టి అనకండి

చేప చచ్చిపోతే మన ఇళ్ళలో ఒక ఓదార్పు ఉంది: ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుపోయిందని, దిష్టి పోయిందని. ఆ మాట అన్నవాళ్ళకు చేప మీద ప్రేమ ఉందని నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆ మాట వద్దని బతిమాలుతున్నాను. గండం అనుకోగానే కారణం వెతకడం ఆగిపోతుంది. వారంలో ఇంకో చేప వస్తుంది, అదే నీళ్ళలో అలాగే పోతుంది. చచ్చిన చేపను వెంటనే తీసి, ఆ గంటలోనే అమ్మోనియా, నైట్రైట్, ఉప్పదనం, వేడి, పీహెచ్ కొలిచి నోటుపుస్తకంలో రాయండి. మొప్పలు ఎర్రబడ్డాయా, ఒంటి మీద పొర ఉందా, రెక్కలు చిరిగాయా చూడండి. ముందురోజు ఏం మార్చారో గుర్తుచేసుకోండి: కొత్త మేతా, పక్క గదిలో దోమల మందు కొట్టారా, సబ్బు చేయి పెట్టారా, పెయింట్ వేశారా. పది శాతం నీళ్ళు మార్చండి. కారణం తేలే దాకా కొత్త ప్రాణి వద్దు. కొలవని దానికి మందు వేయకండి. పీహెచ్ పెంచే సీసా, నీళ్ళు తేటపరిచే సీసా, ఏదీ వద్దు. వారానికి పది శాతం నీళ్ళ మార్పుతో సరికానివి చాలా తక్కువ.

సంక్రాంతికి మేత అప్పగించకండి

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. తాళంచెవి పక్కింటివాళ్ళకు ఇచ్చి "రోజూ కొంచెం మేత వేయండి" అని చెప్పి వెళ్తారు. వాళ్ళ కొంచెం మన కొంచెం కాదు. చేప ఆకలిగా చూస్తోందని ఇంకో చిటికెడు వేస్తారు. తినని మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఆరోగ్యంగా పెరిగిన పెద్ద క్లౌన్‌ఫిష్ నాలుగైదు రోజులు మేత లేకుండా హాయిగా ఉంటుంది, రాళ్ళ మీద దొరికింది ఏరుకుంటుంది. మేత డబ్బా అల్మరాలో పెట్టి తాళం వేయండి.

పక్కింటివాళ్ళకు అప్పగించాల్సింది నీళ్ళు. వెళ్ళే ముందు వారం రోజుల పాటు రోజూ ఎంత ఆవిరవుతోందో చూసుకుని, అంతే ఆర్వో నీళ్ళు సీసాల్లో పట్టి, ఒక్కో సీసా మీద తేదీ రాసి వరుసగా పెట్టండి. సంప్ పక్కన గుర్తు గీత గీయండి. నీళ్ళు గీత కిందికి వస్తే ఆ రోజు సీసా పోయమనండి, రాకపోతే వద్దనండి. పంపు ఆగిపోతే ఏ స్విచ్ వేయాలో దాని మీద కాగితం అంటించండి. పోయాక సంప్, వేడి చూపే మీటరు కలిపి ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి.